'మాలగా బీచ్ అపార్ట్‌మెంట్' అంటే నమ్మి డబ్బు పంపకండి, ముందు ఇది చదవండి

నిన్న రాత్రే ఇంటికి చేరాం. నిద్ర పట్టలేదు. కోపం చల్లారాక రాద్దామంటే సగం కడుపులోనే దాచుకుంటానని నాకు తెలుసు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. లండన్ చుట్టుపక్కల తెలుగు గ్రూపుల్లో ప్రతి వేసవికీ 'స్పెయిన్ బీచ్ స్టే, మనవాళ్లకు మాత్రమే' అని పోస్టు పెట్టే ఆయన మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఎవరి గురించో చదవగానే మీకే అర్థమవుతుంది.

అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. ఇక్కడికి రాకముందే హైదరాబాద్‌లో వాళ్లకు షెంగెన్ వీసా తీయించాం, దాని కోసం ఆయన దగ్గరే ఇల్లు కూడా ముందే బుక్ చేశాం. నాలుగు రాత్రులు, 780 పౌండ్లు. సముద్రం ఒడ్డున రెండు రోజులు, గ్రనడాలో పాతకాలపు రాజుల అల్హంబ్రా చూడ్డానికి ఒక రోజు, మాలగా ఊరు ఒక రోజు, ఇదీ మా ప్లాన్. ఫోన్లో ఆయనకు వివరంగా చెప్పాను. "అమ్మకు కిందటేడే మోకాలి ఆపరేషన్ అయింది, ఎక్కువ నడవలేదు, మేం కారు తీసుకోవడం లేదు" అన్నాను. "మీకు సరిగ్గా సరిపోయే ఇల్లు మేడమ్, మాలగా బీచ్, ఎయిర్‌పోర్టు 20 నిమిషాలు, బీచ్ 5 నిమిషాలు" అన్నాడు.

ఎయిర్‌పోర్టులో టాక్సీ ఎక్కి చిరునామా చూపిస్తే డ్రైవర్ మాలగా ఊరికి కాదు, దానికి ఎదురు దిక్కుకి తిప్పాడు. టోరెమోలినోస్ దాటింది, ఫ్వెంగిరోలా దాటింది, ఇంకా పోతూనే ఉన్నాం. ఆగింది కలహోండా అనే చోట, అదీ గుట్ట పైన. అది మాలగా ఊరు కానే కాదు, మిహాస్ మునిసిపాలిటీ. ఫ్వెంగిరోలాకి, మార్బెల్లాకి మధ్యలో ఉంటుంది. రైలు లేదు. బీచ్‌కి వెళ్లాలంటే గుట్ట దిగి, కార్లు దూసుకుపోయే ఎ-7 రోడ్డు దాటాలి. ఆయన చెప్పిన 5 నిమిషాలు కారులో వెళ్లేవాళ్లకి. అమ్మ మొదటి రోజు ఒకసారి దిగింది. తిరిగి ఎక్కేటప్పుడు మూడుచోట్ల గోడ మీద కూర్చుంది. ఆ తర్వాత ఇంక బీచ్ ఊసే ఎత్తలేదు. ఫోటోలో సముద్రం కిటికీ నిండా ఉంది. అక్కడ చూస్తే రెండు బిల్డింగుల మధ్య చీర అంచంత నీలం కనిపిస్తుంది, అంతే.

తప్పు నాదీ ఉంది. వీసా ఫైల్లో పెట్టిన కాగితం మీద చిరునామా స్పష్టంగా ఉంది, 29649 మిహాస్ కోస్తా అని. నా చేత్తోనే ప్రింట్ తీశాను, జిరాక్సులు తీశాను. ఒక్కసారి మ్యాప్‌లో కొట్టి చూడలేదు. పక్కన మాలగా అని కూడా ఉంది కదా అనుకున్నాను. స్పెయిన్‌లో చిరునామా చివర జిల్లా పేరు కూడా రాస్తారు, మన దగ్గర తెనాలి, గుంటూరు జిల్లా అని రాసినట్టు. అంత చిన్న విషయం నాకు తట్టలేదు. మనవాడే కదా, అమ్మ సంగతి కూడా చెప్పాను కదా అన్న నమ్మకంతో చూడలేదు.

అదంతా సర్దుకుపోయేవాళ్లమే. శనివారం జరిగినది మాత్రం మర్చిపోలేను.

నాన్నగారు 31 ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు. 1492 అనగానే పిల్లలందరూ కొలంబస్ అంటారు, స్పెయిన్‌లో చివరి ముస్లిం రాజ్యం గ్రనడా పడిపోయింది కూడా ఆ ఏడాదే అని నాకు చిన్నప్పటి నుంచీ చెప్పేవారు. స్పెయిన్ అనుకున్నప్పుడు ఆయన అడిగింది ఒక్కటే, అల్హంబ్రాలో ఆ పన్నెండు సింహాల ఫౌంటెన్ చూడాలని. అది అక్కడి నస్రిద్ సుల్తానుల రాజభవనాల్లో ఉంటుంది. ఆ భవనాల్లోకి టికెట్ మీద ఉన్న టైముకే పంపిస్తారు. టికెట్ పేరు మీద ఉంటుంది, పాస్‌పోర్టు చూపించాలి, టైము దాటితే లేదు. మాది ఉదయం 10:30. వారాల ముందే కొన్నాను.

మాలగాలో ఉండి ఉంటే పొద్దున్నే లేచి బస్టాండుకి వెళ్లి కూర్చుంటే సరిపోయేది. గ్రనడాకి గంటన్నర, గంటా ముప్పావు ప్రయాణం. మేం ఆరుంపావుకే గుట్ట దిగి చీకట్లో బస్సు కోసం నిలబడ్డాం. నాన్నగారు రాత్రే ఇస్త్రీ చేసుకున్న తెల్ల చొక్కా వేసుకున్నారు. టికెట్ నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టుతో కలిపి జేబులో పెట్టుకుని, మాటిమాటికీ తడిమి చూసుకుంటున్నారు. బస్సు ఆలస్యంగా వచ్చింది. ఫ్వెంగిరోలాలో దిగి రైలెక్కాం, 20 నిమిషాలకొకటి ఉంటుంది కానీ మాలగా చేరడానికి ముప్పావు గంట పడుతుంది. మేం స్టేషన్ నుంచి పక్కనే ఉన్న బస్టాండుకి వెళ్లేసరికి ఎనిమిది గంటల బస్సు పోయింది. తొమ్మిదింటి బస్సుకి మళ్లీ డబ్బు కట్టి ఎక్కాం. గ్రనడాలో టాక్సీ పట్టుకుని పైకి చేరేసరికి 11:05. గేటు దగ్గర ఆమె టికెట్ చూసింది, గడియారం చూపించింది, క్షమించమన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆమె తప్పేం లేదు, రూలు టికెట్ మీదే రాసి ఉంది.

నాన్నగారు ఏమీ అనలేదు. టికెట్‌ని మళ్లీ అవే మడతల్లో మడిచి జేబులో పెట్టుకున్నారు.

అక్కడే, ఆ గోడ పక్కనే నిలబడి ఇల్లు ఇచ్చినాయనకు ఫోన్ చేశాను. అరవలేదు. మీరు మాలగా అన్నారు, ఇది మాలగా కాదు, మాకు ఇలా జరిగింది అన్నాను. "మాలగా అంటే మాలగా జిల్లా మేడమ్, సిటీలో కావాలని మీరు అడిగారా?" అన్నాడు. అమ్మ మోకాలి సంగతి ముందే చెప్పాను కదా అన్నాను. అప్పుడన్నాడు, "నడవలేని ముసలివాళ్లను వెంటేసుకుని స్పెయిన్ దాకా ఎవరు రమ్మన్నారండీ మిమ్మల్ని?" అని.

స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ పక్కనే ఉంది. విన్నది.

"పోనీలేవే, ఫోన్ పెట్టేయ్" అంది. అంతే. ఆ రోజంతా కాలు నొప్పి అని ఒక్కసారి కూడా అనలేదు. అదే టికెట్ మీద జెనరలీఫే తోటలు, కోట చూడొచ్చు, చూశాం. బాగున్నాయనే అన్నారు ఇద్దరూ. నేను మాత్రం ఒక్క ఫోటో కూడా సరిగ్గా తీయలేకపోయాను.

సాయంత్రం సగం డబ్బైనా వెనక్కి ఇవ్వమని మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో నన్ను గ్రూపులోంచి తీసేశాడు, నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేశాను. కార్డు అయితే 3 శాతం ఎక్కువ అన్నాడని ఆ కాస్త మిగుల్చుకుందామనుకున్నాను. 100 పౌండ్లు దాటిన కొనుగోలు క్రెడిట్ కార్డు మీద అయితే, కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద డబ్బు వెనక్కి ఇవ్వమని కార్డు కంపెనీనే అడిగే వీలు ఇక్కడ యూకేలో ఉంది. ఆ దారి నేనే మూసుకున్నాను.

ఆదివారం మాలగాలో గడిపాం. ఎక్కడ దిగాల్సిందో అప్పుడు అర్థమైంది. పాత ఊరి నుంచి మలగేటా బీచ్‌కి నడిచే వెళ్లొచ్చు, దారంతా చదునే. అల్కసాబా కోట, దాని కాళ్ల దగ్గరే 1951లో బయటపడ్డ రోమన్ థియేటర్, పికాసో పుట్టిన ఇల్లు, అన్నీ ఆ చుట్టుపక్కలే. ఆదివారం రెండు దాటాక కోటకి టికెట్ కూడా అక్కర్లేదు. రైల్వే స్టేషన్, బస్టాండు పక్కపక్కనే. కోర్డోబా మసీదు చూడాలన్నా ఫాస్ట్ ట్రైన్‌లో గంట. ఒడ్డున పడవలో ఇసుక పోసి, నిప్పు రాజేసి, పుల్లలకు గుచ్చిన చేపలు కాలుస్తుంటే నాన్నగారు పక్కనే నిలబడి ఎలా గుచ్చుతున్నారో చూశారు. ఆ నాలుగు రోజుల్లో ఆయన నవ్వింది అప్పుడే.

మీరు వెళ్తుంటే, చూడాల్సిన ఊళ్లు కూడా ఉంటే మాలగాలోనే దిగండి. బీచ్ ముఖ్యం అనుకుంటే టోరెమోలినోస్, బెనాల్మదేనా చూడండి, ఫ్వెంగిరోలా దాకా రైలు ఉంది, ఎయిర్‌పోర్టు కూడా ఆ లైను మీదే. మార్బెల్లా, నెర్హా అందమైనవే కానీ రైలు లేదు, కారు లేకుండా పెద్దవాళ్లతో వద్దు. పిన్ కోడ్ చూడండి, మాలగా ఊరివి 290తో మొదలవుతాయి. 29 ఒక్కటే చూసి నాలాగా మోసపోకండి, జిల్లా మొత్తానికీ 29 ఉంటుంది. టూరిస్టు ఇంటికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడగండి. నేను అడిగితే "తర్వాత పంపిస్తా" అన్నాడు, పంపలేదు.

ఈ వేసవికి ఆయన దగ్గర ఎవరైనా అడ్వాన్స్ కట్టి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. గుట్ట, మెట్లు, కిటికీలోంచి కనిపించే సముద్రం, అన్నిటికీ నేను తీసిన ఫోటోలు ఉన్నాయి. మీకు ఆయన పంపినవాటి పక్కన పెట్టి చూసుకోండి.