‘సీల్ తియ్యని పాత రాకెట్ కిట్’ కొనేముందు ఇది చదవండి

పాత ఎస్టెస్, సెంచురి కంపెనీల రాకెట్ కిట్ల (ఇంట్లో కట్టుకుని నిజంగా ఎగరేసే చిన్న రాకెట్ల సామాను) కోసం ఆన్‌లైన్‌లో వెతికేవాళ్ళకి ఒక హెచ్చరిక. "ఫ్యాక్టరీ సీల్డ్, 1970ల నాటిది, ఎవరూ ముట్టుకోలేదు" అని రాసి, కవరు ముందువైపు ఫోటో ఒక్కటే పెట్టిన లిస్టింగ్ కనిపిస్తే డబ్బు కట్టకండి. లోపలి సరుకు ఫోటోలు అడగండి. "సీల్ తీస్తే విలువ పడిపోతుంది" అని జవాబొస్తే ఇక ఆ బేరం వదిలేయండి. ఈమధ్య ఇక్కడ అమెరికాలో నాకూ, మా ఊళ్ళోనే ఉండే ఇంకో తెలుగాయనకీ ఒకే అమ్మకందారు దగ్గర దెబ్బ తగిలింది. నాకు డబ్బుతో పోయింది. ఆయనకి రాకెట్టే పోయింది, కాస్త అటూ ఇటూ అయితే కన్నుకే వచ్చేది.

ఈ గోల తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. వెర్నన్ ఎస్టెస్ 1958లో మొదలుపెట్టిన కంపెనీ తర్వాత కొలరాడోలోని పెన్‌రోజ్‌కి మారింది. అట్ట గొట్టాలు, తేలికైన బాల్సా చెక్క రెక్కలు, బ్లాక్ పౌడర్ (నల్లమందు) ఇంజిన్లతో అమెరికాలో ఒక తరం పిల్లలకి రాకెట్ల పిచ్చి పట్టించింది ఇదే. అరిజోనాలోని ఫీనిక్స్‌లో సెంచురి దానికి పోటీగా ఉండేది. 1969లో వచ్చిన ఎస్టెస్ ఆర్బిటల్ ట్రాన్స్‌పోర్ట్, మార్స్ ల్యాండర్, 1971 నాటి ఇంటర్‌సెప్టర్ లాంటివి ఏ సినిమాలోవీ కావు. సైన్స్ ఫిక్షన్ పత్రిక అట్ట మీది బొమ్మ లేచి ఎగిరితే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. 1975లో స్టార్ ట్రెక్ ఎంటర్‌ప్రైజ్, క్లింగాన్ యుద్ధనౌక వచ్చాయి. ఆ దశాబ్దం చివర్లో స్టార్ వార్స్ ఎక్స్-వింగ్, ఆర్2-డీ2 కూడా గాల్లోకి లేచాయి. అప్పుడు పిల్లల పాకెట్ మనీతో వచ్చిన ఈ కిట్లకి ఇప్పుడు వందల డాలర్లు అడుగుతున్నారు. అట్టముక్కకీ పుల్లముక్కకీ ఇంత డబ్బా అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

డబ్బు ఎక్కడుంటే మోసం అక్కడుంటుంది కదా. నేను కొన్నది ఆర్బిటల్ ట్రాన్స్‌పోర్ట్, "ఒరిజినల్, మొదటి విడతది" అన్న మాట మీద. పెద్ద రాకెట్టు వీపు మీద చిన్న గ్లైడర్ కూర్చుని పైకెళ్ళి, పైన విడిపోయి దేనికది కిందికి వస్తుంది. పెద్దది పారాచూట్‌తో, చిన్నది గాల్లో జారుకుంటూ. అందం విషయంలో నా లెక్కలో దాన్ని మించిన కిట్ లేదు.

పార్శిల్ రాగానే మొదట చూసింది పైనున్న అట్టని. అది నిజంగా పాతదే. అంచులు పసుపెక్కి, ఒక మూల నీటి మరక ఉంది. అయితే ఆ అట్టని కవరుకి పట్టి ఉంచిన స్టేప్లర్ పిన్నులు మాత్రం తళతళ మెరుస్తున్నాయి. పిన్నుల పక్కనే ఖాళీ చిల్లులు, వాటి చుట్టూ పాత పిన్ను వదిలిన తుప్పు గీత. అంటే అసలు పిన్నులు ఎప్పుడో ఊడదీశారు, అట్టని తెచ్చి కొత్త కవరుకి కొట్టారు. ఆ అట్ట వరకు ఒరిజినలే అన్నమాట, పాపం!

లోపల బాల్సా రెక్కల అంచులు సన్నగా గోధుమరంగులో కాలి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన చెక్క వాసన. లేజర్‌తో కోసిన బాల్సాకి ఉండే గుర్తు ఇది. 1969లో బొమ్మల కిట్లకి లేజర్ కటింగ్ ఎక్కడిది? అప్పట్లో అయితే డై-కట్ (అచ్చు బ్లేడుతో నొక్కి కోసినది), లేదంటే నమూనా కాగితం పెట్టి మనమే బ్లేడుతో కోసుకోవాలి. డై-కట్ అయితే కోత దగ్గర చెక్క కాస్త నలిగి, పీచు లేచి ఉంటుంది, రంగు మారదు. ఈ ఒక్క గుర్తు తెలిస్తే చాలు, సగం నకిలీలు దొరికిపోతాయి. రెక్కల అంచు దగ్గరగా తీసిన ఫోటో పంపమని అడిగితే మంచి అమ్మకందారు ఎవరూ కాదనరు.

ఆ తర్వాత డెకల్స్, అంటే నీళ్ళలో నానబెట్టి రాకెట్టు మీద అతికించే అక్షరాలు, బొమ్మలు. పాతవి స్క్రీన్ ప్రింటింగ్‌లో వేసినవి కాబట్టి తెల్ల అక్షరం తెల్లగా, మందంగా నిలుస్తుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌కి తెల్ల ఇంకు ఉండదు. అందుకని నకలు కొట్టినవాడు తెల్ల కాగితం డెకల్ మీద చుట్టూ రంగు వేసి, తెలుపుని ఖాళీగా వదిలేస్తాడు. భూతద్దం పెడితే రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. పైగా యాభై ఏళ్ళ డెకల్ అంటే పసుపెక్కడం, నీళ్ళలో వేయగానే ముక్కలవడం మామూలు. నాకొచ్చినది నిన్న ప్రింట్ చేసినట్టు నిగనిగలాడుతోంది.

షాక్ కార్డ్ కూడా అంతే. పారాచూట్‌ని, ముక్కు భాగాన్ని గొట్టానికి కట్టి ఉంచే రబ్బరు అది. అంత పాత రబ్బరు లాగితే పుటుక్కున తెగాలి, లేదా జిగురులా చేతికి అంటుకోవాలి. ఇది హాయిగా సాగింది.

అసలు కిటుకు ఏమిటంటే, ఆర్బిటల్ ట్రాన్స్‌పోర్ట్‌ని, ఇంటర్‌సెప్టర్‌ని కంపెనీయే చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ విడుదల చేసింది. ఆ కొత్త విడుదల కిట్ కొని, లోపలి సరుకు తీసి, పాత అట్ట కింద పెట్టి అమ్మితే లాభం ఎన్ని రెట్లో మీరే ఊహించుకోండి. అందుకే కవరు వెనకవైపు ఫోటో కూడా అడగండి. ఇప్పుడు సరుకుల మీదుండే రకం బార్‌కోడ్‌ని దుకాణంలో మొదటిసారి స్కాన్ చేసిందే 1974 జూన్‌లో, ఒహాయోలోని ట్రాయ్ అనే ఊళ్ళో. "1969 ఒరిజినల్" అన్న కిట్ మీద బార్‌కోడ్ ఉందంటే కథ తేలిపోయినట్టే. వెబ్‌సైట్ అడ్రస్ ఉంటే ఇక చెప్పేదేముంది. డేమన్ అనే కంపెనీ 1969లో ఎస్టెస్‌ని కొనేసింది. కాబట్టి డేమన్ పేరు ఉన్న కిట్‌ని అంతకుముందుది అని అమ్మితే అదీ అబద్ధమే.

నేను ఫోటోలు తీసి పంపితే అమ్మకందారు ఇచ్చిన జవాబు: "నేను సీల్ తియ్యలేదు, లోపల ఏముందో నాకెలా తెలుస్తుంది? యాజ్ ఈజ్ (ఉన్నది ఉన్నట్టుగా) అని రాశాను కదా." చూశారా, ‘సీల్డ్’ అన్న మాట కొనేముందు మనకి ఆశ పెట్టడానికి, కొన్నాక వాళ్ళు తప్పించుకోవడానికి, రెండిటికీ పనికొస్తోంది. నా మటుకు నేను ఇప్పుడు సీల్ తీసిన కిట్లే వెతుకుతున్నాను. అన్ని భాగాలూ బల్ల మీద పరిచి ఫోటో తీసిన ఓపెన్ కిట్, సీల్డ్ దానికన్నా తక్కువకే వస్తుంది, ఏం కొంటున్నామో కంటికి కనిపిస్తుంది.

డబ్బు సంగతి ఇంతవరకు. ఇక రెండోది చాలా పెద్ద విషయం, దయచేసి ఇది మాత్రం వదలకుండా చదవండి.

ఆ అమ్మకందారు పార్శిల్‌తో పాటు "బహుమతి"గా పాత ఇంజిన్లు నాలుగు పెట్టాడు. సీ6-5 రకం. సీ అంటే మొత్తం శక్తి 5 నుంచి 10 న్యూటన్-సెకన్ల మధ్య, 6 అంటే సగటు తోపు 6 న్యూటన్లు, 5 అంటే మందు కాలిపోయాక పారాచూట్ బయటికి తోసేదాకా పట్టే సెకన్లు. అసలు ఇంజిన్లని ప్రమాదకర సరుకుగా చూపించి, దానికున్న నిబంధనల ప్రకారమే పంపాలి. ఇతను మాత్రం పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, మామూలు పార్శిల్‌లో పడేశాడు. పైన ఏ లేబులూ లేదు.

ఈ ఇంజిన్ అంటే కాగితపు గొట్టంలో బ్లాక్ పౌడర్‌ని గట్టిగా దట్టించి, కింద మట్టితో నాజిల్ (మంట బయటికి చిమ్మే సన్న రంధ్రం) చేసినది. ఏళ్ళ తరబడి అటక మీదో గరాజ్‌లోనో ఉంటే వేసవి వేడికి వ్యాకోచించి, చలికి ముడుచుకుని, లోపలి మందు దిమ్మకీ గొట్టానికీ మధ్య సందు ఏర్పడుతుంది. పైకి ఏమీ కనిపించదు. ముట్టించినప్పుడు మంట కింద నుంచి వరసగా పైకి పోకుండా ఆ సందులోకి దూరి, పక్కల నుంచి కూడా అంతా ఒకేసారి అంటుకుంటుంది. అప్పుడు అది ఇంజిన్ కాదు, బాంబు. ఇక్కడి రాకెట్ క్లబ్బులవాళ్ళు దీన్ని ‘కేటో’ అంటారు.

మా ఊరి తెలుగాయనకీ ఇదే అమ్మకందారు ఇలాగే ఇంజిన్లు "ఫ్రీగా" పంపాడు. ఆయన శ్రమపడి, నెలల తరబడి రాత్రిళ్ళు కూర్చుని కట్టుకున్న ఇంటర్‌సెప్టర్‌లో అందులోది ఒకటి పెట్టారు. బటన్ నొక్కగానే రావలసిన బుస్సుమనే చప్పుడు రాలేదు. ఢామ్మని పేలింది. పొగ తేలిపోయాక చూస్తే బాడీ ట్యూబ్ అరటి తొక్కలా చీలి ఉంది, ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంట్ ముందుకి పొడుచుకొచ్చి ముక్కు భాగంలో ఇరుక్కుంది, ఒక రెక్క లాంచ్ ప్యాడ్ కింద గడ్డిలో పొగలు కక్కుతోంది. వాళ్ళబ్బాయి వీడియో తీస్తానని ముందుకి పోబోతే, నేనే "ఒరేయ్ నాన్నా, వెనక్కి రా" అని చెయ్యి పట్టి లాగాను. డి సైజు దాకా అయితే కనీసం 15 అడుగుల దూరం, అంతకన్నా పెద్ద ఇంజిన్ అయితే 30 అడుగులు ఉండాలని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమావళి చెబుతుంది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాకపోవడానికి కారణం ఆ దూరమే. కిట్ ఎంత పాతదైనా ఎగరెయ్యండి, ఇంజిన్ మాత్రం కొత్తది కొనండి. కొత్తది కొన్ని డాలర్లే.

ఇంకో రకం బేరం కూడా నడుస్తోంది. "రెస్టోర్ చేశాం, ఎగరడానికి రెడీ" అని కట్టేసిన పాత రాకెట్లని అమ్ముతారు. విరిగిన భాగాల బదులు 3డీ ప్రింట్‌వో రెజిన్‌వో పెడతారు. షెల్ఫ్‌లో పెట్టుకోవడానికైతే పర్వాలేదు. ఎగరేయాలంటే మాత్రం ఆలోచించాలి. సైన్స్ ఫిక్షన్ అంతరిక్ష ఓడల ఆకారాలే గాలికి ఎదురు తిరిగేవి, దానికితోడు వెనకవైపు బరువు పెరిగితే గరిమనాభి (బరువంతా సమంగా నిలిచే చోటు) వెనక్కి జరుగుతుంది. గరిమనాభి, గాలి ఒత్తిడి కేంద్రం కన్నా కనీసం ఒక గొట్టం వ్యాసమంత ముందు లేకపోతే రాకెట్టు నిటారుగా పోతుందన్న భరోసా లేదు, గిరగిరా తిరిగి ఎవరి మీదికైనా రావచ్చు. ఇంజిన్ పెట్టి, అది సమంగా నిలిచే చోట తాడు కట్టి, తల చుట్టూ తిప్పి చూడండి. ముక్కు ముందుకి పెట్టి సాఫీగా తిరిగితే ధైర్యం చేయొచ్చు. పక్కకో వెనక్కో తిరిగితే ముక్కులో బరువు వేయాలి, లేదా షెల్ఫే దానికి చోటు.

ఎగరేసే సరదా మాత్రమే ఉన్నవాళ్ళకి అసలు పాత కిట్టే అక్కర్లేదు. అవే సైజుల గొట్టాలు, నోస్ కోన్లు ఇప్పటికీ విడిగా దొరుకుతాయి, పాత ప్లాన్లు చూసి క్లోన్ కట్టుకోవచ్చు. గాల్లోకి లేచాక అది 1969దా మొన్నటిదా అని ఎవరూ అడగరు. (సేకరణ చేసేవాళ్ళు నా మీద విరుచుకుపడతారని తెలుసు.)

హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి కొందరు ఇక్కడి చుట్టాలకి చెప్పి కిట్లు తెప్పించుకుంటున్నారు. కిట్ తెచ్చుకోండి, సంతోషం. "వచ్చేటప్పుడు సూట్‌కేసులో రెండు ఇంజిన్లు కూడా పడేయ్ బావా" అని మాత్రం ఎవరినీ అడగకండి. రాకెట్ ఇంజిన్లు చేతి సంచిలోనూ కుదరవు, చెక్-ఇన్ లగేజీలోనూ కుదరవు. ఎయిర్‌పోర్టులో దొరికితే ఆ బావగారి వీసా టెన్షన్ మీరు తీర్చలేరు.

డబ్బు కట్టేటప్పుడు సైట్ బయట పంపమంటే ఒప్పుకోకండి. పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపితే పది డాలర్లు తగ్గిస్తానని అమ్మకందారు అన్నాడని మా ఊరాయన అలాగే పంపారు. దానికి కొనుగోలు రక్షణ వర్తించదు, ఒక్క పైసా వెనక్కి రాలేదు. నేను సైట్‌లోనే కార్డుతో కట్టాను కాబట్టి, రెక్కల అంచుల ఫోటోలు, పిన్నుల చిల్లుల ఫోటోలు జత చేసి ఫిర్యాదు పెడితే సగం సొమ్ము వచ్చింది. మిగతా సగం కార్డు బ్యాంకు దగ్గర వివాదంలో నడుస్తోంది. ఆ అమ్మకందారు పేరు మార్చుకుని మళ్ళీ లిస్టింగులు పెడుతున్నాడని నా అనుమానం. నీలం గళ్ళ దుప్పటి మీద పెట్టి తీసిన ఫోటోలు, ఎంటర్‌ప్రైజ్ కిట్‌కి కూడా ముందువైపు ఫోటో ఒక్కటే. అలాంటివి కనిపిస్తే ముందు పైన చెప్పిన ఫోటోలన్నీ అడిగి చూడండి.

ఎవరికైనా ఇలా "ఫ్రీ" ఇంజిన్లు వచ్చి ఉంటే వాటిని అలాగే చెత్తబుట్టలో వేయకండి, పొయ్యిలో అసలే వేయకండి. బకెట్ నీళ్ళలో, పిల్లలకి అందని చోట, కాగితపు గొట్టం ఉబ్బి విడిపోయి లోపలి మందు మెత్తగా బురదలా జారిపోయేదాకా నానబెట్టండి. నావి ఇప్పుడు గరాజ్‌లో నానుతున్నాయి.