ఓర్వకల్లు నుంచి బెంగళూరుకు విమానంలో

కర్నూలుకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, 2021 మార్చిలో ప్రారంభమైన ఓర్వకల్లు విమానాశ్రయం చిన్నదే అయినా శుభ్రంగా, రద్దీ లేకుండా ఉంది. బెంగళూరుకు ఆకాశమార్గాన సుమారు 280 కిలోమీటర్లే. ఈ మార్గంలో నడిచే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు కనుక అరగంట చాలనిపిస్తుంది గానీ, రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లిలో దిగడానికి వరుసలో ఆగడం కలిసి గంట దాటుతుంది. రెక్క కిటికీకి పైన ఉండటంతో, లేచీ లేవగానే ఓర్వకల్లు రాతిగుట్టలు, వాటి మధ్య నీటి మడుగు స్పష్టంగా కనిపించి మనసు నిండిపోయింది. నేను వెళ్లిన రోజు నలభై నిమిషాలు ఆలస్యమైనా కారణం చెప్పినవారు లేరు. అది నాకు చాలా బాధ కలిగించింది. దేవనహళ్లిలో మరో విమానం ఎక్కేవారికి ఈ సర్వీసు నిజంగా వరమే, కానీ బెంగళూరు నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ వైపు వెళ్లేవారు అక్కడి నుంచి మరో 35 కిలోమీటర్ల ట్రాఫిక్ దాటాలి కనుక, వారికి రాత్రి బస్సే మేలు.