చిన్న నేల చెక్కలో ముందు బీన్స్ వేయాలా, పచ్చిక వేయాలా?

పల్లెలో కొంచెం నేల ఉంది, పావు ఎకరమో అరెకరమో, రెండు మూడు మేకలు పెంచుకోవాలని ఉంది, ముందు బీన్స్ వేయమంటారా, నేరుగా పచ్చిక మొదలుపెట్టమంటారా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాసేస్తున్నా. పోయిన ఏడాది నేను కూడా ఇదే తేల్చుకోలేక చెక్కను రెండు ముక్కలు చేసి, ఒకవైపు గడ్డి విత్తనం చల్లాను, ఇంకోవైపు పొద రకం ఫ్రెంచ్ బీన్స్ వేశాను. ఇప్పుడు అడిగితే ముందు బీన్స్, ఆ తర్వాతే పచ్చిక అంటాను. ఎందుకో చెబుతా.

మొలక సంగతే చూడండి. బీన్స్ గింజ పెద్దది, 3, 4 సెంటీమీటర్ల లోతున పడినా నేలను చీల్చుకుని పైకి వస్తుంది. నేల వెచ్చగా, పదునుగా ఉంటే వారం పది రోజుల్లో ఎక్కడ మొలిచిందో ఎక్కడ మొలవలేదో తెలిసిపోతుంది, ఖాళీ ఉన్న చోట మళ్లీ రెండు గింజలు గుచ్చుకుంటే సరి. నీళ్లు నిలిచే నేల, చల్లటి నేల అయితే మాత్రం గింజ కుళ్లిపోతుంది. పొద రకాలు 50, 60 రోజుల్లో కోతకొస్తాయి. గడ్డి విత్తనం సన్నగా పొల్లులా ఉంటుంది, సెంటీమీటరు లోతు దాటితే చాలా రకాలకు పైకి వచ్చే సత్తువ ఉండదు. కాబట్టి దుక్కి మెత్తగా ఉంటే సరిపోదు, పైన గట్టిగా అదిమి ఉండాలి. మడిలో నడిస్తే మడమ ఒక సెంటీమీటరు మించి దిగకూడదు. అంతకన్నా దిగిందంటే ఇంకోసారి రోలర్ తిప్పాల్సిందే.

అయినా నా లెక్కలో అసలు తేల్చేది మొలక కాదు, కలుపు. దీని గురించి ఎవరూ అడగరు, విత్తనం ఏ రకం అనే అడుగుతారు.

బీన్స్‌ను సాళ్లలో వేస్తాం. మధ్యలో 45 సెంటీమీటర్ల సందు ఉంటుంది కాబట్టి పారతో గీకినా, దంతె తోలినా పని నడుస్తుంది. విత్తిన మూడో వారంలో ఒకసారి, ఐదో వారంలో ఇంకోసారి శుభ్రం చేస్తే చాలు, ఆ తర్వాత ఆకులే సాళ్లను కమ్మేస్తాయి. వెదజల్లిన పచ్చికలో ఆ వీలు లేదు. మొదటి నెలలో మనం చల్లిన గడ్డి ఏదో, దానంతటది లేచిన కలుపు ఏదో పోల్చుకోవడమే కష్టం, అన్నీ సూదుల్లా ఒకేలా ఉంటాయి. నేను మడిలో మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో మొక్క మొదలు రెండు వేళ్ల మధ్య తిప్పి చూసేవాణ్ణి. మూడు పలకలుగా తగిలితే తుంగ, గుండ్రంగానో చదునుగానో తగిలితే గడ్డి. అలా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పీకితే రెండు మంచాలంత జాగా అయ్యేది. పోనీ దాంతో తీరిందా అంటే, పీకినప్పుడు పైకాడే చేతికొస్తుంది, కింద గడ్డ నేలలోనే ఉంటుంది, వారం తిరక్కుండా మళ్లీ లేస్తుంది. బీన్స్ వైపు కూడా తుంగ ఉంది, కాకపోతే రెండుసార్లు గీకేసరికి, పైన నీడ కూడా పడేసరికి బాగా వెనకబడింది. తుంగకు నీడ గిట్టదు.

పచ్చిక అన్నది ఒకసారి వేసి నాలుగైదేళ్లు ఉంచుకునేది. మొదటి నెలలో లోపలికొచ్చిన కలుపుతో అన్నేళ్లూ కాపురం చేయాలి. అందుకే ఒక పంటకాలం ఆలస్యమైనా సరే, నేలను శుభ్రం చేసే పంట ముందు వేయండి అంటున్నా.

బీన్స్ వైపు మొగ్గుతున్నా కాబట్టి ఒక తప్పుడు ఆశ కూడా సరిచేయాలి. బీన్స్ వేస్తే నేలకు నత్రజని దండిగా వస్తుంది, ఆ తర్వాత పచ్చిక దానంతటదే ఏపుగా పెరుగుతుంది అంటారు. కాయజాతి పంటల్లో ఫ్రెంచ్ బీన్స్ నత్రజని స్థిరీకరణలో, అంటే గాలిలోని నత్రజనిని పట్టుకోవడంలో వెనకబెంచీయే, అలసంద దానికన్నా చాలా నయం. పైగా కాయలు కోసుకుని, మొక్కను కూడా వేరుతో పీకేస్తే నేలకు మిగిలేది ఏముంది? కోత అయ్యాక కాండాన్ని మొదట్లో కోసేసి వేళ్లను నేలలోనే వదిలేయండి. ఆ నత్రజనిని పట్టేది వేళ్ల మీది చిన్న బుడిపెలు, అవి పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే పూత సమయంలో ఒక మొక్కను మట్టిపెళ్లతో సహా లేపి, నీళ్లలో మెల్లగా ఆడించండి. ఊరికే లాగితే బుడిపెలు మట్టిలోనే ఊడిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చండి, లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే పని జరుగుతోంది, తెల్లగానో పచ్చగానో ఉంటే జరగడం లేదు. గింజకు రైజోబియం కల్చర్ (ఆ బుడిపెల్లో పనిచేసే బాక్టీరియా) పట్టిస్తే మీరు వేసే పంటకు తగినదే తీసుకోండి, అలసందది ఫ్రెంచ్ బీన్స్‌కు పనికిరాదు.

మరి పచ్చికే ముందు వేయాల్సిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. నేల వాలుగా ఉండి వానకు మట్టి కొట్టుకుపోతుంటే సాళ్లు తీసి గీకడం మంచిది కాదు, అక్కడ గడ్డే వేయాలి. వారానికి ఒక్కరోజే వెళ్లగలిగేవాళ్లు కూడా బీన్స్ జోలికి పోవద్దు, లేత కాయ రెండు రోజులు ఆగితే నార పడుతుంది. ఇంకో సంగతి, మీ చెక్క నిండా గరికే ఉంటే దాన్ని తవ్విపోసి కొత్త విత్తనం చల్లే తొందర వద్దు. గరిక మంచి మేత, తొక్కుడుకు తట్టుకుంటుంది. కంచె వేసి, నేలను వంతులుగా మేపితే సగం పచ్చిక మీకు ఇప్పటికే ఉన్నట్టు.

నేపియర్ గడ్డి కణుపులు నాటడం గురించి కూడా అడిగారు. అది కోసి వేసే మేత, మేపుకునే పచ్చిక కాదు, జాగా మరీ తక్కువైతే బాగుంటుంది. అలసందను మేతకే వేసి పూతలో కోసుకోవడం కూడా మంచి పద్ధతే.

పచ్చికలో గడ్డితోపాటు కాయజాతి కలపండి, కానీ లూసర్న్, క్లోవర్ లాంటివి సగం దాటనివ్వకండి. ఆకలి మీదున్న జీవం వాటిని ఒక్కసారిగా మేస్తే పొట్ట ఉబ్బి గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ముందు ఎండుగడ్డి వేసి, అప్పుడు వదలాలి. గడ్డిని నేల దాకా కొరకనివ్వకుండా 8, 10 సెంటీమీటర్లు ఉండగానే మందను పక్క మడికి మార్చాలి. ఇక కొత్త పచ్చికలోకి ఎప్పుడు వదలాలన్నది తారీఖు చూసి చెప్పేది కాదు. గుప్పెడు గడ్డి పట్టుకుని మేక కొరికి గుంజినట్టు గుంజండి. ఆకు తెగితే వదలొచ్చు, వేరుతో వస్తే ఆగాలి.

బీన్స్ కోసేసిన వైపు ఇప్పుడు గడ్డి చల్లాను, జానెడు ఎత్తు వచ్చింది, తుంగ అక్కడక్కడా తప్ప లేదు. పోయిన వారం పది చోట్ల గుంజి చూస్తే రెండు చోట్ల వేరుతో వచ్చేసింది. ఇంకో మూడు వారాలు చూస్తాను, అప్పటిదాకా మేకలు కంచె అవతలే.