హిట్లర్ జర్మనీ గురించి చదవాలంటే: డైరీనా, ఇంటర్వ్యూలా?

మామూలు జర్మన్లు ఆ రోజుల్లో ఎలా బతికారో తెలియాలంటే ముందు ఏది చదవాలని చాలామంది అడుగుతుంటారు, నేనైతే ఈ రెండిట్లోంచి చెప్తా.

ఇంటర్వ్యూలంటే అమెరికన్ విలేకరి మిల్టన్ మేయర్ రాసిన పుస్తకం (They Thought They Were Free), 1955లో వచ్చింది. యుద్ధం అయ్యాక జర్మనీలోని మార్‌బర్గ్ ఊళ్ళో పదిమంది మాజీ నాజీలతో, దర్జీ, బేకరీ ఆయన, పోలీసు, టీచర్ లాంటోళ్ళతో కూర్చుని మాట్లాడాడు, తను యూదుణ్ణని మాత్రం వాళ్ళకి చెప్పలేదు (చెప్తే ఎవరు నోరు విప్పుతారండీ).
డైరీ అంటే విక్టర్ క్లెంపరర్‌ది. డ్రెస్డెన్‌లో యూదు ప్రొఫెసర్, 1933 నుంచి 1945 దాకా రాస్తూనే ఉన్నాడు.

ఖర్చు, టైమ్: మేయర్‌ది ఒక్క పుస్తకం, వారంలో అయిపోద్ది. క్లెంపరర్‌వి ఇంగ్లీషులో ఆ ఏళ్ళకే రెండు లావుపాటి సంపుటాలు, ఓపిక కావాలి.

నమ్మకం: అసలు తేడా ఇక్కడే. ఓడిపోయాక చెప్పేవాడు "మాకేం తెలీదు" అని సర్దుకుంటాడు, ఆ సర్దుకోవడం ఎలా ఉంటుందో చూడ్డానికే మేయర్. డైరీలో రేపేమవుద్దో రాసేవాడికే తెలీదు. యూదులు జంతువుల్ని పెంచుకోకూడదంటే 1942లో తమ పిల్లిని చంపించాల్సొచ్చింది, అదీ రాసుకున్నాడు. కాగితాల్ని భార్య ఎవా దాచుకుని డ్రెస్డెన్ దగ్గరి పిర్నాలో ఒక డాక్టరు స్నేహితురాలికి ఇచ్చొచ్చేది, గెస్టపోకి (నాజీల రహస్య పోలీసులకి) దొరికితే అందరి ప్రాణాలూ పోయేవి.

జనం ఎలా ఒప్పుకున్నారో అర్థంకావాలంటే మేయర్. రోజురోజుకీ ఉచ్చు ఎలా బిగిసిందో కావాలంటే క్లెంపరర్, అదీ 1938 దగ్గర మొదలెట్టినా పర్లేదు.