స్పేడ్ మంచోడేనా? పుస్తకం చదివి, సినిమా చూశాక

సినిమా సగంలో ఉండగా మా ఆయన పాజ్ నొక్కి, "ఇంతకీ వీడు మంచోడా, చెడ్డోడా?" అని అడిగారు. పుస్తకం చదివినన్నాళ్లూ నన్ను వదలని ప్రశ్న అదే. సన్నీవేల్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసుకి రైల్లో వెళ్తూ వస్తూ, డాషియెల్ హామెట్ 1930 నాటి నవల ‘ది మాల్టీస్ ఫాల్కన్’ రెండు వారాల్లో పూర్తి చేశాను. కథంతా నేను రోజూ దిగే ఊళ్లోనే. ఆ శనివారం రాత్రే 1941 సినిమా పెట్టుకున్నాం.

డిటెక్టివ్ శామ్ స్పేడ్ ఏం చేశాడో, ఏం మాట్లాడాడో హామెట్ చెప్తాడు. మనసులో ఏముందో మాత్రం ఒక్క ముక్క చెప్పడు. అర్ధరాత్రి ఫోన్ వస్తుంది: పార్ట్‌నర్ మైల్స్ ఆర్చర్‌ని ఎవరో కాల్చి చంపారు. ఫోన్ పెట్టేసి స్పేడ్ సిగరెట్ చుట్టుకుంటాడు. కాగితంలో పొగాకు వేయడం, సమంగా పరవడం, వేళ్లతో చుట్టడం, అంచు నాలుకతో తడపడం, పేరా అంతా ఇదే. బాధపడ్డాడా? తెలీదు. ఆర్చర్ భార్యతో అతనికి సంబంధం ఉందని తెలిశాక ఆ పేజీ వెనక్కి తిప్పి మళ్లీ చదివాను.

సినిమాలో ఆ సీను చూసి జాన్ హ్యూస్టన్‌కి దణ్ణం పెట్టాలనిపించింది. కెమెరా ఫోన్ దగ్గరే ఆగిపోతుంది, కిటికీ కర్టెన్ గాలికి ఊగుతుంటుంది. స్పేడ్ గొంతు వినిపిస్తుంది కానీ మొహం కనపడదు. డైరెక్టర్‌గా ఆయనకిది మొదటి సినిమా! ఈ నవలని అప్పటికే 1931లో, 1936లో సినిమాగా తీశారు, అయినా నిలబడింది ఈ మూడోదే. డైలాగులు చాలావరకు పుస్తకంలోవే. విలన్ గట్మన్ వేషం వేసిన సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్‌కి 61 ఏళ్ల వయసులో ఇది తొలి చిత్రం. కథలో అందరూ వెతికే ఫాల్కన్, అంటే ఆ నల్ల పక్షి బొమ్మని చాకుతో గీకేటప్పుడు ఆయన మొహం వదలకుండా చూడండి.

అయినా రెండు చోట్ల నాకు లోటనిపించింది. పుస్తకంలో స్పేడ్ చెప్పే ఫ్లిట్‌క్రాఫ్ట్ కథ సినిమాలో లేదు. టకోమాలో ఫ్లిట్‌క్రాఫ్ట్ అనే ఒకాయన భోజనానికి వెళ్తుంటే కట్టే బిల్డింగ్ మీంచి దూలం పక్కనే పడుతుంది. చావు అంత దగ్గరికొచ్చేసరికి పెళ్లాం పిల్లలకి చెప్పకుండా ఊరొదిలి పోతాడు. కొన్నేళ్లకి స్పోకేన్‌లో దొరుకుతాడు, మళ్లీ పెళ్లి, బిడ్డ, అచ్చం అలాంటి సంసారమే! స్పేడ్ తనంతట తాను చెప్పే కథ ఇదొక్కటే, నాకు అతను కాస్తయినా అర్థమైంది ఇక్కడే.

రెండోది ముగింపు. సినిమా అయ్యాక మా ఆయన "మంచోడే" అనేశారు. స్పేడ్‌గా వేసిన హంఫ్రీ బోగార్ట్ కళ్లలో ఆ నొప్పి చూశాక ఇంకెవరైనా అదే అంటారు. పుస్తకం అక్కడ ఆగదు. చివర్లో స్పేడ్ ఏం చేశాడో చెప్పను గానీ, సోమవారం పొద్దున ఆఫీసులో సెక్రటరీ ఎఫీ అతనితో, నువ్వు చేసింది న్యాయమే అంటుంది. అంటూనే, ఇప్పుడు మాత్రం నన్ను ముట్టుకోవద్దంటుంది. ఆ పేజీ దగ్గర నాకు గుండె కలుక్కుమంది.

అందుకే ముందు పుస్తకం చదవండి. శాన్‌ఫ్రాన్సిస్కో వస్తే, చదవడం అయ్యేదాకా బుష్ స్ట్రీట్ పక్కన బరిట్ సందులోకి వెళ్లొద్దు. ఆర్చర్ చచ్చిపోయిన చోట గోడకి ఫలకం ఉంది, చంపిందెవరో పేరుతో సహా రాసేశారు.

నా పుస్తకం ఇప్పుడు మా ఆయన దగ్గరుంది. నిన్నటికి ఫ్లిట్‌క్రాఫ్ట్ దాకా వచ్చారు.