‘ముఫాసా’ తెలుగులో: రాజు గొంతు కన్నా టాకా గొంతే బలం

2024 డిసెంబర్ 20న విడుదలైన ‘ముఫాసా: ద లయన్ కింగ్’ తెలుగు రూపాన్ని విజయవాడ బందరు రోడ్డులోని ఒక మల్టీప్లెక్స్‌లో మా పిల్లలతో కలిసి చూశాను. 2019లో వచ్చిన ‘ద లయన్ కింగ్’కు ఇది కొనసాగింపూ అవుతుంది, పూర్వకథా అవుతుంది. సింబా కూతురు కియారాను కూర్చోబెట్టుకుని రఫీకి అనే కోతి ఆమె తాతగారి కథ చెబుతుంటే, ముంగిసలాంటి టిమోన్, అడవిపంది పుంబా మధ్యమధ్యలో అడ్డు తగులుతూ ఉంటారు. వరదలో కొట్టుకుపోయి తల్లిదండ్రులకు దూరమైన ఒక సింహం పిల్లను, టాకా అనే రాజకుమారుడు మొసళ్ల బారి నుంచి కాపాడి అన్నదమ్ముడిగా చేరదీస్తాడు. ఆ అనాథ ముఫాసాగా రాజ్యమేలితే, ఆదరించిన టాకా స్కార్‌గా ఎలా మారాడన్నదే కథ.

నేను ముఖ్యంగా మాట్లాడదలచుకున్నది గొంతుల గురించి. 1994 నాటి మొదటి ‘లయన్ కింగ్’ చేతితో గీసిన బొమ్మల చిత్రం కాబట్టి, సింహం కనుబొమ్మ ఎగరేసినా, పెదవి విరిచినా, మాట వినకుండానే దాని మనసు మనకు తెలిసిపోయేది. ఈ చిత్రంలో జంతువులన్నీ కంప్యూటరులో పుట్టినవే అయినా నిజమైన సింహాలలాగే కనిపించాలన్న పట్టుదలతో తయారైనవి కావడం వల్ల, వాటి ముఖాలలో కోపానికీ దుఃఖానికీ మధ్య తేడా చాలా తక్కువ. దర్శకుడు బ్యారీ జెన్‌కిన్స్ ముఖాలకు బాగా దగ్గరగా వెళ్లి, పాత్రలు నేరుగా మన కళ్లలోకి చూసేలా చిత్రించినా, ఆ చూపులోని భావాన్ని పూరించవలసింది గొంతే. అందుకే ఇక్కడ డబ్బింగ్ చెప్పడమంటే పాత్రను సగానికి పైగా నటించడమే. దానికి తోడు తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చులతో ముగుస్తాయి. ఇంగ్లీషు మాట హల్లుతో తెగిపోయి సింహం నోరు మూసుకునే వేళకు, మన క్రియాపదం చివరి అచ్చు ఇంకా సాగుతూనే ఉంటుంది. సంభాషణలు రాసినవారు చిన్న చిన్న వాక్యాలను ఎంచుకుని ఈ చిక్కును చాలావరకు దాటారు. రఫీకి హితవు పలికే చోట్ల మాత్రం మాటలు కొంచెం పుస్తకాల భాషలోకి వెళ్లాయి.

ముఫాసాకు మహేశ్ బాబు గొంతు ఇచ్చారు. తెనాలి పక్కనున్న బుర్రిపాలెం కృష్ణ గారి అబ్బాయి మాట వినిపిస్తుందంటే మా ప్రాంతపు హాలులో నిశ్శబ్దం ఉంటుందని ఎవరూ అనుకోరు, అలాగే మొదటి మాటకే ఈలలు పడ్డాయి. ఎత్తుపల్లాలు లేకుండా నెమ్మదిగా, లోపలి నుంచి మాట్లాడే ఆయన పద్ధతి, నేలనూ గాలినీ గమనిస్తూ తొందరపడకుండా అడుగువేసే ముఫాసా స్వభావానికి చక్కగా అమరింది. ముఫాసా మనసుపడే ఆడసింహం సారాబితో మాట్లాడే సన్నివేశాలలో ఆ తగ్గు స్వరం ఎంతో హాయిగా ఉంది. అయితే చివరి పోరాటానికి ముందు చెల్లాచెదురుగా ఉన్న జంతువులన్నింటినీ ఒక్కటి చేసేలా ముఫాసా పిలుపునిచ్చే ఘట్టంలో, గొంతు ఛాతీ నిండా లేవవలసిన చోట కూడా అదే సమస్థాయిలో ఉండిపోయింది. 2019 చిత్రంలో ఇదే పాత్రకు పి. రవిశంకర్ చెప్పిన డబ్బింగ్ విన్నవారికి ఈ లోటు మరింత స్పష్టంగా తెలుస్తుంది. మహేశ్ చెప్పింది పడుచువయసు ముఫాసా కనుక ఆ గాంభీర్యం ఇంకా రాలేదని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆ ఒక్క ఘట్టానికి ఆ సమాధానం చాలదు.

టాకాకు గొంతు ఇచ్చిన సత్యదేవ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ పాత్ర మొదట చలాకీగా, కాస్త పిరికిగా, ప్రేమించబడాలన్న ఆరాటంతో ఉంటుంది. ఏనుగుల తొక్కిసలాట నుంచి సారాబిని కాపాడింది ముఫాసాయే అయినా, ఆ మంచిపేరును అతను టాకాకు వదిలేస్తాడు. ఆమె మెప్పును అందుకునేటప్పుడు టాకా మాటలో సంతోషంతో పాటు సన్నని జంకును కూడా సత్యదేవ్ పలికించారు. తరువాత ముఫాసా, సారాబి ఒకరికొకరు దగ్గరవడం కంటపడినప్పుడు ఆయన అరవలేదు. మాటల మధ్య ఊపిరి బరువెక్కింది, వాక్యాల చివర చలాకీతనం ఇంకిపోయింది, అంతే. అక్కడి నుంచి ఆ గొంతు క్రమంగా చల్లబడుతూ, 2019లో స్కార్‌కు జగపతి బాబు ఇచ్చిన గొంతు పక్కకు వచ్చి చేరుతుంది. తెల్ల సింహాల దండు నాయకుడు కిరోస్ ముఫాసా మీద వేసిన దెబ్బకు అడ్డుపడి ముఖాన గాటు పడ్డాక కూడా క్షమ దొరకని ఆ ఘట్టంలో, తప్పు చేసినవాడి మీద నాకు జాలి కలిగిందంటే ఆ ఘనత బొమ్మది కాదు, గొంతుదే.

పుంబాగా బ్రహ్మానందం, టిమోన్‌గా అలీ 2019 నాటి జంటే తిరిగి వచ్చింది. ఒకరి మాట తోక పట్టుకుని ఇంకొకరు అందుకోవడం ఈ ఇద్దరికీ ఏళ్ల తరబడి అలవాటైన విద్య, పిల్లలు నవ్విందంతా వీరి దగ్గరే. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చి ఒకప్పుడు తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందం గారు ఒత్తుల దగ్గరా విరుపుల దగ్గరా చూపే శ్రద్ధ, పందినోట పలికినా చెవికి ఇంపుగానే ఉంటుంది. ఇబ్బంది అంతా ఈ జంటను వాడుకున్న తీరులోనే ఉంది. కథ బిగువుగా సాగుతున్న ప్రతిసారీ ఆపి వీరిని తీసుకురావడం వల్ల, రెండో సగంలో అన్నదమ్ముల మధ్య పగ రగులుతున్న వేళ ఆ నవ్వులు రుచించలేదు. ఇది మూలచిత్రపు లోపమే, తెలుగు వారిది కాదు.

లిన్-మాన్యుయెల్ మిరాండా కట్టిన పాటలలో, ఇద్దరు పిల్లలు పరుగెత్తుతూనే పెద్దవాళ్లయ్యే పాట ఒక్కటే మనసున నిలుస్తుంది. కిరోస్ పాటకు మాత్రం అతని క్రౌర్యానికి తగిన బరువు లేదు.

చిత్రం దాదాపు 2 గంటలు. కిరోస్ దండు దాడులు, వరద ఘట్టం బాగా చిన్నపిల్లలను భయపెడతాయి కాబట్టి ఆరేళ్లు దాటినవారిని తీసుకువెళ్లడం మంచిది. ఇంగ్లీషు బాగా తెలిసిన పెద్దలకు కూడా నేను తెలుగు రూపాన్నే సూచిస్తాను, ముఖ్యంగా సత్యదేవ్ కోసం. ఒక మనవి కూడా ఉంది: ప్రచారమంతా నలుగురు పేరున్న నటుల చుట్టూనే తిరిగింది గానీ, పసివయసు ముఫాసాకూ టాకాకూ గొంతు ఇచ్చిన పిల్లలు మొదటి అరగంటను తమ భుజాల మీద మోశారు. మరోసారి ఇలాంటి చిత్రం తెలుగులోకి వచ్చినప్పుడు, ఆ పిల్లల పేర్లనూ సంభాషణల రచయిత పేరునూ పోస్టరు మీద పెద్ద అక్షరాలతోనే వేయాలి.