రెడ్ బారనా, బోల్కేనా: ముందు ఎవరి జీవితం చదవాలి?

మొదటి ప్రపంచ యుద్ధపు పైలట్ల గురించి చదవాలనుకునేవాళ్లు తరచూ అడిగేది ఒకటే: రెడ్ బారన్‌తో మొదలుపెట్టవచ్చా? పెట్టవచ్చు. నేనైతే అతనిలాగే జర్మన్ పైలట్ అయిన ఓస్వాల్డ్ బోల్కేతో మొదలుపెట్టమంటాను.

అంకెల్లో రెడ్ బారన్‌దే, అంటే మన్‌ఫ్రెడ్ ఫాన్ రిచ్‌థోఫెన్‌దే పైచేయి. ఆయన కూల్చిన శత్రు విమానాలు 80. ఆ యుద్ధంలో ఏ దేశపు పైలటూ అంతవరకు రాలేదు. బోల్కేవి 40. పైగా ఎర్ర విమానం, పాతికేళ్లకే మరణం, శత్రువులే సైనిక లాంఛనాలతో జరిపిన అంత్యక్రియలు. కథగా దానికి సాటి లేదు. అందరూ బొమ్మల్లో చూసే మూడంతస్తుల రెక్కల ఫోకర్ విమానం మాత్రం చివరి నెలలది. విజయాల్లో ఎక్కువ భాగం అంతకుముందు నడిపిన విమానాలతో వచ్చినవే.

నేను చూసేది వేరు: తనకు తెలిసిన విద్యను పక్కవాడికి నేర్పాడా లేదా? బోల్కే గాల్లో పోరుకు ఎనిమిది సూత్రాలు రాసిపెట్టాడు. సూర్యుణ్ణి వీపు వెనక ఉంచుకో. దగ్గరికి వెళ్లాకే కాల్చు. మీదికొస్తే పారిపోకు, ఎదురు తిరుగు. 1916 ఆగస్టులో తూర్పు రంగంలోని కోవెల్‌కు వెళ్లి, రిచ్‌థోఫెన్‌ను తన కొత్త దళానికి ఎంచుకున్నదీ ఆయనే. కుర్రాళ్లకు విమానాలు వచ్చేలోగా తానొక్కడే వెళ్లి పోరాడి, దిగాక ఏం చేశాడో, ఎందుకు చేశాడో వాళ్లకు విడమరిచి చెప్పేవాడు.

ఇద్దరి చావులూ ఆ సూత్రాల దగ్గరికే తీసుకెళ్తాయి. ఇద్దరు ఒకే శత్రువు మీదికి వెళ్లొద్దన్నది ఎనిమిదోది. 1916 అక్టోబరు 28న బోల్కే, ఆయన మిత్రుడు బ్యోమె ఒకే బ్రిటిష్ విమానాన్ని తరుముతున్నారు. ఇంకోదాని వెంటపడ్డ రిచ్‌థోఫెన్ అడ్డం వచ్చాడు. ఆ గందరగోళంలో బ్యోమె విమానం చక్రాలు బోల్కే రెక్కను తాకాయి. అంతే. శత్రువు నేలపై ఎగురుతుంటే వెనక్కొచ్చే దారి మరవొద్దన్నది ఏడోది. 1918 ఏప్రిల్ 21న రిచ్‌థోఫెన్ ఒక కొత్త పైలట్‌ను తరుముతూ, ఫ్రాన్స్‌లోని సొమ్ నది లోయలో బాగా కిందికి దిగి, యుద్ధరేఖ దాటి శత్రువు వైపుకు వెళ్లిపోయాడు. అంతకుముందు ఏడాది తలకు తగిలిన గాయం వల్ల ఆయన విచక్షణ దెబ్బతిన్నదనే వాదనా ఉంది. బోల్కేను చదవకుండా ఈ ఘట్టానికి వస్తే అది ఉత్త దురదృష్టంలా కనిపిస్తుంది. చదివి వస్తే గుండె బరువెక్కుతుంది.

మిగతావాళ్లలో ఫ్రాన్స్‌కు చెందిన రెనె ఫోంక్ 75 కూల్చి, 1953 దాకా బతికాడు. ఇరవయ్యేళ్లకే పోయిన బ్రిటిష్ పైలట్ ఆల్బర్ట్ బాల్ ఒంటరి వేటగాడు; ఇద్దరినీ తర్వాత చూసుకోవచ్చు. కలకత్తాలో పుట్టి, బ్రిటన్ తరఫున పోరాడిన ఇంద్రలాల్ రాయ్‌ని మాత్రం వదలొద్దు. ప్రమాదంలో గాయపడి, ఎగరడానికి పనికిరావన్నా పట్టుబట్టి తిరిగొచ్చాడు. 1918 జులైలో రెండు వారాల్లోపే 10 విజయాలు సాధించి, 22న పోరులోనే కూలిపోయాడు. అప్పటికి 19 ఏళ్లు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం ఆ తర్వాతే వచ్చింది.